పసిపిల్లల బడిలో నలుపు

సభలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులకు, అంగన్‌వాడీ టీచర్లకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

రంగులు నేర్పడం మనందరికీ అలవాటైన పనే. ఎరుపుకు టమాటా, పసుపుపచ్చకు నిమ్మకాయ, ఆకుపచ్చకు చిలుక చూపిస్తాం. పిల్లలు గొంతెత్తి పలుకుతారు, చప్పట్లు కొడతారు. నలుపు దగ్గరికి వచ్చేసరికి గోడపటం మీద ఒక కాకినో గొడుగునో చూపించి తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. నలుపు అందమైన రంగని, ఆగి చూడదగిన రంగని పసిపిల్లలకు చెప్పే ప్రయత్నం మన బడుల్లో చాలా అరుదు. ఈ రోజు ఆ ఒక్క రంగు గురించే మాట్లాడదలచుకున్నాను. రంగుల పేర్లు నేర్చుకునే ఆ మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు వయసులోనే, పిల్లలు తమ ఒంటి రంగు గురించి ఇంట్లోనూ వీధిలోనూ పెళ్లి పందిళ్లలోనూ పెద్దవాళ్లు అనుకునే మాటలు వింటూ ఉంటారు. బడిలో విన్నదీ బయట విన్నదీ ఒకే మనసులో చేరతాయి.

ఆ మాటలు మీకు తెలియనివి కావు. ప్రసవమైన ఇంటికి చూడడానికి వచ్చినవాళ్లు బిడ్డ ఎవరి పోలిక అని అడిగిన వెంటనే రంగు ఎవరిది వచ్చిందని అడుగుతారు. ‘చామనఛాయే గానీ కళగల ముఖం’ అంటారు. ‘నలుపు నారాయణ మెచ్చు’ అని సామెత చెబుతారు. వీటిలో చాలా మాటలు ప్రేమతో అన్నవేనని నేను నమ్ముతాను. నారాయణుడు మెచ్చుకుంటాడని చెప్పిన నాయనమ్మ మనవరాలిని చిన్నబుచ్చాలని ఆ మాట అనలేదు. అయినా ఓదార్పు చెవిన పడగానే ఆ పిల్లకు అర్థమయ్యేది, తనలో ఓదార్చవలసినదేదో ఉందన్న సంగతే. అందుకే నలుపు విషయంలో పిల్లలను ఓదార్చడం మానేసి, వాళ్లకు నలుపును చూపించడం మొదలుపెడదామని మిమ్మల్ని అడగడానికి వచ్చాను.

పసివాళ్లకు ఇవన్నీ ఎలా తెలుస్తాయని కొందరు అడుగుతారు. 1940లలో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలైన దంపతులు మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు వయసున్న నల్లజాతి పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. రంగులో తప్ప మరే తేడా లేని బొమ్మలవి. వాటిలో మంచి బొమ్మ ఏది, చెడ్డగా కనిపించే బొమ్మ ఏది, నీలా ఉన్న బొమ్మ ఏది అని ఒక్కొక్కరినీ అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మనే మంచిదన్నారు. తమలా ఉన్న బొమ్మను చూపించవలసి వచ్చినప్పుడు కొందరు పిల్లలు ఏడ్చారు. బడుల్లో నల్లజాతి పిల్లలను, తెల్లజాతి పిల్లలను వేరుచేయడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు క్లార్క్ పరిశోధనను ప్రస్తావించింది. అక్కడి జాతివివక్ష చరిత్ర వేరు, మన దేశపు రంగు పట్టింపుల చరిత్ర వేరు. రెంటినీ ఒకటే అనడం సరికాదు. అయితే ఏ రంగుకు ఎంత విలువ కడుతున్నారో మూడేళ్ల పిల్లకే తెలిసిపోతుందన్న సంగతి మాత్రం మన ఇళ్లకూ వర్తిస్తుంది.

మరి నలుపును ఎలా చూపించాలి? ‘నలుపు అందమైనది’ అని పిల్లల చేత పదిసార్లు పలికిస్తే అది ఇంకొక ఎక్కం అవుతుంది. పిల్లలు కళ్లతో, వేళ్లతో నేర్చుకుంటారు. నిజానికి నలుపుతో వాళ్ల పరిచయం పుట్టినప్పుడే మొదలైంది. పుట్టిన కొత్తలో బిడ్డ చూపుకు బాగా ఆనేది వెలుగునీడల తేడా. లేత రంగుల మధ్య తేడాలు ఆ తర్వాతి నెలల్లో గానీ అందవు. అమ్మ ముఖంలో బిడ్డ చూపు నిలిచేది జుట్టు మొదలయ్యే అంచు దగ్గర, కనుబొమల దగ్గర, నల్లటి కనుపాపల దగ్గర. నలుపుతో అంత తొలి స్నేహం ఉన్న పిల్లలకు దాన్ని మళ్లీ గుర్తుచేయడం కష్టమైన పని కాదు.

మొదట చేయించవలసిన పని చాలా చిన్నది. నల్ల స్కెచ్ పెన్ను ఒకటి, అద్దుడు కాగితం ముక్క ఒకటి, గిన్నెలో కొంచెం నీళ్లు ఉంటే చాలు. పెన్ను నీటిలో కరిగే ఇంకుది కావాలి. చెరగని మార్కరు పనికిరాదు. కాగితం అడుగు అంచుకు రెండు వేళ్ల ఎత్తున ఒక నల్లచుక్క పెట్టి, చుక్క మునగకుండా అంచు మాత్రమే నీటికి తగిలేటట్లు నిలబెట్టాలి. నీరు కాగితంలోకి ఎగబాకుతుంది. చుక్కను దాటుతుండగా దాని అంచు చెదిరి పైకి పాకడం మొదలుపెడుతుంది. ముందు నలుపే సాగినట్లు కనిపిస్తుంది. కాసేపటికి ఒకచోట గులాబీ రంగు, ఒకచోట పసుపు, ఇంకాస్త పైన నీలం విడివిడిగా తేలతాయి. పెన్ను తయారీని బట్టి ఈ రంగులు కొంచెం మారతాయి కాబట్టి రెండు మూడు రకాల పెన్నులతో చేయిస్తే పిల్లలకు మరింత సరదా. అన్ని రంగులూ కలిసి వెలుగును తమలో ఉంచేసుకుంటే కంటికి నలుపు కనిపిస్తుందన్న భౌతికశాస్త్రాన్ని ఆ వయసులో వివరించనక్కరలేదు. ‘ఇవన్నీ ఇందులోనే ఉన్నాయా?’ అని పిల్ల అడిగితే పాఠం అయినట్లే.

ఆ తర్వాత పిల్లలను బయటికి తీసుకెళ్లండి. కాకిని చూడని పిల్లలు మన ఊళ్లలో లేరు గానీ, కాకిని నిదానంగా చూసినవాళ్లు పెద్దల్లోనూ తక్కువే. ప్రహరీగోడ మీద ఎండలో వాలిన కాకి మెడ తిప్పినప్పుడల్లా రెక్కల మీద నీలం, ఊదా మెరుపులు కదులుతాయి. ఇళ్ల మధ్య తిరిగే కాకికి మెడ చుట్టూ బూడిదరంగు పట్టీ ఉంటుందని, ఒళ్లంతా నల్లగా ఉండే బొంతకాకి వేరని పిల్లలు తామే కనిపెడతారు. కోకిల నల్లగా ఉంటుందని పాఠాల్లో చెబుతాం. నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి కళ్లతో, వసంతంలో కూసేది మగకోకిల. ఆడకోకిల గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకలోనూ నల్లబడేది పెరిగిన మగజింక వీపే. ఆడజింకలూ పిల్లలూ లేత గోధుమరంగులో ఉంటాయి. చెరువుల దగ్గర కనిపించే నత్తగుల్ల కొంగ ఒళ్లంతా తెలుపే అయినా ఎగిరేందుకు వాడే పెద్ద ఈకలు మాత్రం నల్లగా ఉంటాయి. నలుపునిచ్చే మెలనిన్ ఈకకు గట్టితనం కూడా ఇస్తుంది. గాలిని కోస్తూ ఎక్కువ అరిగిపోయే ఈకలకు ఆ బలం అవసరం. ‘కాకిపిల్ల కాకికి ముద్దు’ అనే సామెత పుట్టిన భాష మనది. ఎండలో కాకిని చూసి వచ్చిన పిల్ల, అది కాకికి మాత్రమే ఎందుకు ముద్దు అని అడిగే అవకాశం ఉంది. అడిగితే ఆ ప్రశ్నను కొట్టిపారేయకండి.

నేల గురించి చెప్పకుండా తెలుగువాళ్లు నలుపు పాఠం ముగించకూడదు. ఆదిలాబాద్‌లో, కర్నూలు, నంద్యాల వైపు, గుంటూరులో నల్లరేగడి ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కన్‌లో పొంగి పరుచుకున్న లావా గడ్డకట్టి నల్లటి బసాల్టు రాయి అయింది. ఆ రాయి అరిగి అరిగి ఆదిలాబాద్ ప్రాంతపు నల్లరేగడి వంటి నేలలు ఏర్పడ్డాయి. ఈ నేలలోని బంకమట్టి నీరు తాగి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి పిల్లల చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. వానలు వెళ్లిపోయాక కూడా తడిని పట్టి ఉంచుతుంది కాబట్టే రబీలో శనగ ఆ తేమతోనే చేతికి వస్తుంది. పత్తికి, మిర్చికి, జొన్నకు పేరుపడ్డ నేల ఇది. బడిలో చేయవలసినది మాత్రం తేలిక: గుప్పెడు ఎర్రమట్టి, గుప్పెడు నల్లరేగడి తెప్పించి, తడిపి, పాములా చుట్టమనండి. ఎర్రమట్టి పాము మధ్యలోనే తెగిపోతుంది. నల్లమట్టిది సన్నగా, పొడుగ్గా సాగుతుంది. చేతులు పాడైపోతాయని భయపడకండి, రేగడి జిగట నీళ్లకు వదులుతుంది. అన్నం ఎక్కడి నుంచి వస్తుందన్న పాఠం కూడా ఇదే గంటలో చెప్పుకోవచ్చు.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి పిల్లలను తీసుకెళ్లే అవకాశం ఉన్నవాళ్లు తప్పకుండా తీసుకెళ్లండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయివి. చూరు కింద నిలబడిన మదనికలనే స్త్రీమూర్తులను మాత్రం శిల్పులు నల్లరాతిలో చెక్కారు. నునుపు చేసిన ఆ నల్లరాయి మీద వెలుగు పడినప్పుడు నడుము వంపు, గొలుసు వరుస, కాలి అందె స్పష్టంగా తేలతాయి. ఎర్రరాతి మధ్య అందగత్తెలను మలచాలనుకున్నప్పుడు ఆ శిల్పి చేతికి తీసుకున్నది నల్లరాయి. ఎనిమిది వందల ఏళ్లుగా దానికి వంక పెట్టినవాళ్లు లేరు. అంత దూరం వెళ్లలేనివాళ్లు ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి దేశదేశాలకు వెళ్లే బ్లాక్ గెలాక్సీ రాతిపలక ముక్కను సంపాదించండి. ఇళ్లలో వంటగట్టు మీద వేసే రాయే అది. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే లోపల ఉన్న ఖనిజపు రవ్వలు బంగారు చుక్కల్లా వెలుగుతాయి. తెల్లరాయి మీద ఆ రవ్వలు ఇంతలా కనబడవు. ఆ వైపే ఉన్న మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. ఇప్పటి పిల్లల్లో పలక పట్టుకున్నవాళ్లు తగ్గిపోయారు. వీలైతే ప్రతి పిల్లకూ ఒక్కసారైనా రాతిపలక, బలపం ఇవ్వండి. అక్షరం తెల్లగా వెలగడానికి నల్లపలక చేసే సాయం పిల్ల చేతికి తెలియాలి.

నలుపును చేతులారా తయారుచేసేవాళ్ల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లతో బొమ్మ గీసే కలం అంటే చెక్కిన వెదురుపుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగించినది. వేళ్లతో నొక్కినకొద్దీ అందులోంచి రంగునీరు దిగుతుంది. ఆ ఊరిన నీళ్లు అంత నల్లగా ఉండవు. గుడ్డ మీద గీత గీయగానే, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి, చూస్తుండగానే ఆ గీత నల్లబడుతుంది. బొమ్మకు కన్నూ ముక్కూ వచ్చేది, ఎరుపు ఎక్కడ ఆగాలో నీలం ఎక్కడ మొదలవ్వాలో తెలిసేది ఈ నల్లగీతతోనే. దీన్ని బడిలో పెద్దవాళ్ల పర్యవేక్షణలో చేసి చూపించవచ్చు: కరక్కాయ కషాయంలో తడిపి ఆరబెట్టిన గుడ్డముక్క, మేకులు ఊరబెట్టిన బెల్లపు నీళ్లు, ఒక పుల్ల చాలు. తుప్పునీళ్లు నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూసుకోవాలి. హైదరాబాద్ దుకాణాల్లో కనిపించే బీదర్ బిద్రీ పాత్రలదీ ఇలాంటి కథే. తుత్తునాగం, రాగి కలిపిన లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది.

వంటింటి నలుపుల జాబితా పిల్లలే చెబుతారు, నేను సాగదీయను. మినుములు, నల్లనువ్వులు, మిరియాలు, నేరేడుపళ్లు. పచ్చిగా ఉన్నప్పుడు కోసి ఎండబెట్టిన గింజే నల్లమిరియం అవుతుందని, నేరేడు తొక్క నలుపంతా నిజానికి చిక్కటి ఊదా అని నాలుక చూపించి తెలుసుకోవచ్చు.

ఇక్కడికి వచ్చేసరికి తల్లిదండ్రుల నుంచి తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది. పుట్టినరోజున నల్లగౌను వద్దంటాం, శుభకార్యానికి నల్లచీర కట్టం, మరి బడిలో నలుపు మంచిదని చెబితే ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ రాదా అని. పేచీ అక్కరలేదు. మన ఆచారంలో నలుపుకు గౌరవమైన చోట్లు ఎన్నో ఉన్నాయి, వాటిని పిల్లలకు చూపించండి. ముత్తయిదువ మెడలోని నల్లపూసలు తెలుగింట్లో మంగళకరమైనవి. బిడ్డకు నల్లమొలతాడు కడతాం, బుగ్గన దిష్టిచుక్క పెడతాం. బిడ్డను కాపాడమని నమ్మి అప్పగించింది నలుపుకే. (కాటుకను పసిబిడ్డ కంట్లో పెట్టవద్దని పిల్లల వైద్యులు చెబుతున్నారు, ఆ మాట పాటించండి, చుక్కగా బుగ్గన ఉంటే చాలు.) జ్యేష్ఠమాసంలో ఆకాశాన కారుమబ్బు కనిపిస్తే రైతు ముఖం విప్పారుతుంది. మబ్బు ఎంత మందంగా ఉంటే వెలుగు అంత తక్కువగా కిందికి దిగుతుంది, అందుకే నీళ్లు నిండిన మబ్బు అడుగు నల్లగా కనిపిస్తుంది. ఇవన్నీ అమ్మమ్మకు మనకంటే బాగా తెలుసు. ఆమెనే బడికి పిలిచి చెప్పించండి.

ఇక అసలు విషయం, పిల్లల ఒంటి రంగు. నలుపును వారం రోజులు ఇలా చూసిన తరువాతే దీని దగ్గరికి రండి. పిల్లలు తమ బొమ్మ గీసుకుని, డబ్బాలోని లేత గులాబీ క్రేయాన్ తీసి ‘స్కిన్ కలర్’ అంటారు. ఆ రంగు చర్మం గదిలో ఒక్క పిల్లకూ ఉండదు. అమెరికాలో క్రేయోలా సంస్థ ‘ఫ్లెష్’ అని పేరు పెట్టిన అదే రకపు రంగుకు 1962లో ‘పీచ్’ అని పేరు మార్చింది. 2020లో మనుషుల ఒంటి రంగులకు దగ్గరగా 24 ఛాయల క్రేయాన్లు విడుదల చేసింది. మన దేశంలో 1975 నుంచి అమ్ముడైన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరులోంచి కూడా 2020లో ‘ఫెయిర్’ తొలగిపోయింది. పేర్లు మారడం మంచిదే గానీ, మన తరగతి గదిలో పని ఇంకా మిగిలే ఉంది. క్రేయాన్ పక్కన పెట్టించి పోస్టరు రంగులు ఇవ్వండి. ప్రతి పిల్లా గోధుమరంగు, నలుపు, పసుపు, ఎరుపు, తెలుపు కలిపి తన మోచేతి పక్కన పెట్టి చూసుకుంటూ తన రంగును తయారుచేసుకోవాలి. ఎంతో తెల్లగా ఉందని ఇంట్లో మురిసిపోయే పిల్లకు కూడా కొంచెం నలుపు కలపకుండా తన రంగు రాదు. అరచేతికి ఒక రంగు, చేతి వెనక ఒక రంగు, మోచేతి దగ్గర మరో రంగు ఉన్నాయని కలుపుతున్నప్పుడే తెలుస్తుంది.

ఎందుకు అని పిల్లలు అడిగితే నిజమే చెప్పండి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు మనుషులందరిలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి అన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. ఎక్కువ మెలనిన్ ఉన్న చర్మం ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి ఎక్కువ రక్షణ ఇస్తుంది. మండే ఎండల దేశంలో తరతరాలుగా బతికిన మన పూర్వీకుల ఒంటికి ఆ నలుపు చేసిన మేలు ఇది. ‘నలుపైతే ఏం, మనసు మంచిదైతే చాలు’ అనే మాట మాత్రం దయచేసి అనకండి. మంచి మనసు గురించి వేరే రోజు మాట్లాడుకోవచ్చు. ఇక్కడ అడిగింది రంగు గురించి, జవాబు కూడా రంగు గురించే ఉండాలి.

ఇవన్నీ చెప్పి, వార్షికోత్సవం నాడు తెల్లటి పిల్లలను నాట్యంలో ముందు వరుసలో, నల్లటి పిల్లలను వెనక వరుసలో నిలబెడితే వారమంతా చేసింది ఒక్క సాయంత్రంలో పోతుంది. రాక్షసుడి వేషం ఎవరికి ఇస్తున్నాం, రాకుమారి వేషం ఎవరికి ఇస్తున్నాం అన్నది పిల్లలు మనకంటే ముందే గమనిస్తారు. కృష్ణాష్టమికి నల్లనయ్య వేషానికి తెల్లటి పిల్లవాడిని వెతికి తెచ్చి, ఒంటికి నీలిరంగు పూసే అలవాటు చాలా బడుల్లో ఉంది. ఈ ఏడాది ఆ వేషం తరగతిలో అందరికంటే నల్లగా ఉన్న పిల్లవాడికో పిల్లకో ఇవ్వండి. నెమలి పింఛం, పట్టుపంచె పెట్టండి, రంగు పూయకండి. వాళ్ల అమ్మానాన్నలను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

సభ ముగిశాక పక్క గదిలోకి రండి. రేగడి మట్టి, చీమకుర్తి రాయి, పలకలు, కరక్కాయ గుడ్డముక్కలు అక్కడ పెట్టాం. స్కెచ్ పెన్నులు, అద్దుడు కాగితాలు అందరికీ సరిపడా ఉన్నాయి. పిల్లలను ముందు వెళ్లనివ్వండి, పెద్దవాళ్లు వాళ్ల వెనక నిలబడి చూడవచ్చు.